తేదీ లేని వాగ్దానం: అణు నిరాయుధీకరణకు రాజకీయ సంకల్పం ఎక్కడ ఆగింది?

1986లో ప్రపంచ దేశాలన్నిటి దగ్గర కలిపి డెబ్బై వేల దాకా అణు వార్‌హెడ్లు, అంటే క్షిపణులకో బాంబులకో అమర్చే పేలుడు భాగాలు, ఉండేవి. స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి అంచనా ప్రకారం 2025 జనవరి నాటికి ఆ సంఖ్య 12,241కి దిగింది. ఈ రెండు అంకెలనే పక్కపక్కన పెట్టి చూస్తే నిరాయుధీకరణ బాగానే సాగిందనిపిస్తుంది. కానీ ఆ తగ్గుదలలో అత్యధిక భాగం 1980ల చివర్లో మొదలై తర్వాతి దశాబ్దంలో జరిగిపోయింది. ఇప్పుడు ఏటా లెక్కలోంచి పోతున్నవి అమెరికా, రష్యాలు ఎప్పుడో సర్వీసు నుంచి తప్పించి, విప్పడానికి పక్కన పెట్టిన పాత వార్‌హెడ్లు. సైన్యాల చేతిలో వాడకానికి ఉన్నవి 9,600కు పైమాటే. చైనా దగ్గర కనీసం 600 ఉన్నాయని, వేగంగా పెరుగుతున్నాయని అదే సంస్థ చెబుతోంది. తన నిల్వ పరిమితిని 180కి దించుతానన్న బ్రిటన్ 2021లో ఆ మాట వెనక్కి తీసుకుని పరిమితిని 260కి పెంచింది. అమెరికాలో 2025 నుంచి 2034 వరకు అణు బలగాల నిర్వహణకు, ఆధునికీకరణకు 94,600 కోట్ల డాలర్లు కావాలని అక్కడి కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్క కట్టింది. కొత్త జలాంతర్గాములు, కొత్త బాంబర్లు, కొత్త ఖండాంతర క్షిపణులు అంటే మరికొన్ని దశాబ్దాల వాడకం. అంత డబ్బు అంతకాలానికి పెట్టే ప్రభుత్వం ఈ ఆయుధాలు ఇంకా దశాబ్దాల పాటు ఉంటాయనే లెక్కతోనే పెడుతుంది.

మాటల్లో మాత్రం ఎవరూ అలా అనరు. ఉత్తర కొరియాను మినహాయిస్తే, అణ్వాయుధాలు లేని ప్రపంచం తమకు అక్కర్లేదని బాహాటంగా చెప్పే ప్రభుత్వం దాదాపుగా లేదు. 2022 జనవరి 3న అమెరికా, రష్యా, చైనా, ఫ్రాన్స్, బ్రిటన్‌లు ఐదూ కలిసి, అణు యుద్ధంలో గెలుపు ఉండదని, అసలు అలాంటి యుద్ధం చేయనే కూడదని ఉమ్మడి ప్రకటన చేశాయి. 1985లో జెనీవాలో అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్ కలిసి అన్న మాటే అది. ఆ ప్రకటన వచ్చి రెండు నెలలు నిండకముందే రష్యా ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని పంపింది. ఫిబ్రవరి 27న పుతిన్ తమ అణు బలగాలను ప్రత్యేక అప్రమత్తతలో పెట్టమని ఆదేశించారు.

మాటకూ చేతకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని కపటం అని కొట్టిపారేస్తే విశ్లేషణకు ఏమీ మిగలదు. ఏ వాగ్దానం నిజంగా ప్రభుత్వాలను కట్టిపడేసింది, ఏది గాలికి పోయింది, రెంటికీ తేడా ఏమిటి అని చూడాలి. చరిత్రలో రెండు రకాలకూ సరిపడినన్ని ఉదాహరణలున్నాయి. వాటిని దగ్గరగా చూస్తే ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఫలానా తేదీలోగా అని తనను తాను కట్టేసుకుని, పరాయి దేశపు తనిఖీదారులకు తలుపు తీసిన ప్రభుత్వమే ఆయుధాన్ని వదిలింది. ఈ రెండూ లేని చోట ఎంత గంభీరమైన ప్రకటన అయినా పాలకుడు మారగానో, పక్క దేశంతో మాట పెరగగానో పక్కకు పోయింది.

అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం, అంటే ఎన్‌పీటీ, 1970 మార్చి 5న అమల్లోకి వచ్చింది. దాని ఆరో అధికరణ ప్రకారం సభ్య దేశాలన్నీ అణు ఆయుధ పోటీని త్వరగా ఆపడానికి, నిరాయుధీకరణకు చిత్తశుద్ధితో చర్చలు జరపాలి. ఎప్పటిలోగా అన్నది అందులో లేదు. చర్చలు ఎక్కడ జరపాలో, జరపకపోతే ఏమవుతుందో కూడా లేదు. అణ్వాయుధాలు లేని దేశాల బాధ్యత మాత్రం కచ్చితంగా రాశారు. తయారు చేయకూడదు, సంపాదించకూడదు, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీకి లోబడాలి. ఒక పక్షానికి గడువూ తనిఖీ, రెండో పక్షానికి సదాశయం. భారత్ ఆ ఒప్పందంలో చేరకపోవడానికి చెప్పిన కారణం ఈ అసమానతే. ఆ విమర్శలో న్యాయం ఉంది. దాన్ని ఆ తర్వాత భారత్ ఎలా వాడుకుంది అన్నది వేరే సంగతి.

ఒప్పందానికి మొదట 25 ఏళ్ల గడువు పెట్టారు. 1995లో దాన్ని కొనసాగించాలా, ఎంతకాలం అన్నది సభ్య దేశాలు తేల్చాలి. ఈ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే భారతదేశం ఇప్పటిదాకా ప్రపంచం ముందు పెట్టిన అతి స్పష్టమైన నిరాయుధీకరణ ప్రతిపాదన మొత్తం ఈ సంవత్సరం చుట్టూనే అల్లుకుని ఉంది.

1988 ప్రణాళికలో ఏముంది?

1988 జూన్ 9న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ నిరాయుధీకరణపై జరిపిన మూడో ప్రత్యేక సమావేశంలో ప్రధాని రాజీవ్ గాంధీ ఒక కార్యాచరణ ప్రణాళిక ప్రవేశపెట్టారు. 2010 నాటికి అణ్వాయుధాలన్నీ పోవాలన్నది దాని లక్ష్యం. దారిని మూడు దశలుగా విడగొట్టారు. 1994 వరకు మొదటి దశలో అమెరికా, సోవియట్ యూనియన్ తమ వ్యూహాత్మక ఆయుధాలను, అంటే ఒకరి భూభాగం మీదికి ఒకరు ప్రయోగించగల దూరశ్రేణి అణ్వాయుధాలను, సగానికి తగ్గించాలి, అణు పరీక్షలు ఆపాలి, ఆయుధాలకు పనికొచ్చే పదార్థాల తయారీ మానుకోవాలి. 1995 నుంచి 2000 వరకు సాగే రెండో దశలో మిగతా అణ్వస్త్ర దేశాలూ దారిలోకి రావాలి. ఎన్‌పీటీ గడువు ముగియగానే దాని స్థానంలో అన్ని దేశాలకూ ఒకే నియమం ఉండే కొత్త ఒప్పందం రావాలి. 2001 నుంచి 2010 వరకు చివరి దశలో మిగిలినవన్నీ నిర్మూలించి, ప్రపంచమంతటికీ ఒకే తనిఖీ వ్యవస్థను నిలబెట్టాలి.

అణ్వస్త్ర దేశాలు కదిలితే ఆయుధం తయారు చేయగల సత్తా ఉన్న దేశాలు గీత దాటబోమని మాట ఇవ్వాలన్నది అందులోని మరో ముఖ్యమైన అంశం. అంటే భారత్ తనకు తానూ ఒక షరతు పెట్టుకుంది. మీరు వదలండి అని అనడంతో ఆగకుండా, మీరు వదిలే వరసలో మేమూ ఈ వాకిలి మూసుకుంటాం అంది. మూడో ప్రపంచ దేశాల నుంచి అప్పటిదాకా వచ్చిన ప్రతిపాదనల్లో ఇంత నిర్దిష్టమైనవి అరుదు. అది వట్టి ఊహాగానమూ కాదు. అంతకు రెండేళ్ల ముందు, 1986 జనవరి 15న గోర్బచేవ్ 2000 సంవత్సరం నాటికి అణ్వాయుధాలన్నీ తీసేద్దామని ప్రతిపాదించారు. ఆ ఏడాది అక్టోబర్‌లో రేక్యవిక్‌లో ఆయనా రీగనూ అణ్వాయుధాలన్నిటినీ రద్దు చేయడం గురించే మాట్లాడుకునే దాకా వెళ్లారు. అమెరికా తలపెట్టిన అంతరిక్ష రక్షణ కవచం పరిశోధనను ప్రయోగశాలకు పరిమితం చేయడం దగ్గర తేడా వచ్చి లేచిపోయారు. నవంబర్‌లో గోర్బచేవ్ ఢిల్లీకి వచ్చి రాజీవ్‌తో కలిసి అణ్వాయుధ రహిత, అహింసాయుత ప్రపంచం కోసం ప్రకటన చేశారు. 1988లో 2010 అనే గడువు చాలామందికి అందుబాటులో ఉన్నట్టే కనిపించింది.

అయితే ఆ ప్రణాళికకు పెద్ద రాజధానుల నుంచి స్పందన రాలేదు. ఢిల్లీ కూడా రెండో దారి సిద్ధం చేసుకుంటూనే ఉంది. ప్రణాళిక ప్రవేశపెట్టి ఏడాది తిరగకముందే, 1989 మే 22న చాందీపూర్ నుంచి అగ్ని క్షిపణిని తొలిసారి పరీక్షించారు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ ప్రయోగశాలలో అబ్దుల్ కలాం నాయకత్వంలో సాగిన సమీకృత క్షిపణి కార్యక్రమపు ఫలం అది. ఒక చేత్తో నిరాయుధీకరణ, మరో చేత్తో ఆయుధ సన్నాహం. దీన్ని మోసం అనడం తొందరపాటే. పాకిస్థాన్ అప్పటికే బాంబుకు చేరువైందని తెలిసిన ప్రభుత్వం రెండు దారులూ తెరిచి ఉంచుకుంది. కానీ రెండు దారుల మీదా ఒకేసారి నడిచే దేశానికి, మొదటి దారి మూసుకుపోయిన రోజున రెండోదే మిగులుతుంది. జరిగింది అదే.

1995 మే 11న న్యూయార్క్‌లో ఎన్‌పీటీ సమీక్షా సదస్సు ఒప్పందాన్ని నిరవధికంగా పొడిగించింది. శ్రీలంక దౌత్యవేత్త జయంత ధనపాల ఆ సదస్సుకు అధ్యక్షుడు. అణ్వాయుధాలు లేని దేశాల చేతిలో ఉన్న ఒకే ఒక్క పట్టు, మీరు తగ్గించకపోతే మేం ఈ ఒప్పందాన్ని కొనసాగించం అనే బెదిరింపు, ఆ రోజుతో పోయింది. ఆ నిర్ణయంతో పాటు నిరాయుధీకరణకు కొన్ని సూత్రాలు, లక్ష్యాలు ఒప్పుకున్నారు గానీ అవి ఒప్పందానికి పెట్టిన షరతులు కావు. నిరాయుధీకరణ చరిత్రలో ఇంత నష్టం చేసిన నిర్ణయం మరొకటి కనిపించదు. దాన్ని అప్పట్లో విజయంగా చెప్పుకున్నారు. ఒప్పందం శాశ్వతమైంది, దానితో పాటు అందులోని అసమానతా శాశ్వతమైంది. రాజీవ్ ప్రణాళిక ఏ కీలు మీద తిరగాలో ఆ కీలే ఊడిపోయింది.

అప్పుడు ప్రధానిగా ఉన్నది పి.వి. నరసింహారావు. 1992 జనవరి 31న భద్రతా మండలి తొలి శిఖరాగ్ర సమావేశంలో, వ్యాప్తి నిరోధం అన్ని దేశాలకూ సమంగా వర్తించాలని వాదించిన ఆయన హయాంలోనే 1995 డిసెంబర్‌లో పోఖ్రాన్‌లో పరీక్షకు ఏర్పాట్లు జరిగాయి. అమెరికా ఉపగ్రహాలు వాటిని పసిగట్టడం, ఆ వార్త న్యూయార్క్ పత్రికలో రావడం, ఒత్తిడి పెరగడంతో అప్పటికి ఆగిపోయాయి.

మరుసటి ఏడాది సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందం, అంటే సీటీబీటీ, చర్చలు కొలిక్కి వచ్చాయి. నిర్దిష్ట కాలంలో ఆయుధాలన్నీ తొలగిస్తామనే నిబద్ధతతో ఈ ఒప్పందాన్ని ముడిపెట్టాలని భారత్ అడిగింది. ఎవరూ ఒప్పుకోలేదు. పైగా భారత్ సహా 44 దేశాలు ఆమోదిస్తే గానీ ఒప్పందం అమల్లోకి రాదని నిబంధన పెట్టారు. చర్చలు జరిగిన జెనీవా నిరాయుధీకరణ సదస్సులో భారత్ ఒప్పందాన్ని అడ్డుకుంది. 1996 సెప్టెంబర్ 10న సర్వప్రతినిధి సభ 158 ఓట్లతో దాన్ని ఆమోదించినప్పుడు వ్యతిరేకంగా పడినవి మూడే: భారత్, భూటాన్, లిబియా. 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో, అదే నెల 28, 30 తేదీల్లో పాకిస్థాన్ భూభాగంలో బాంబులు పేలాయి. సీటీబీటీ ఇప్పటికీ అమల్లోకి రాలేదు. దాన్ని మొదట సంతకం చేసిన అమెరికాలోనే సెనేట్ 1999లో తిరస్కరించింది. ఆమోదించిన రష్యా 2023లో ఆమోదాన్ని రద్దు చేసుకుంది.

తేదీ అడిగిన దేశానికి తేదీ దొరకలేదు. దొరక్కపోవడాన్ని ఆ దేశం తన పరీక్షలకు సమర్థనగా చూపింది. ఈ రెండు వాక్యాలూ నిజమే. మొదటి దానికి నింద పెద్ద దేశాల మీద పడుతుంది, రెండో దానికి బాధ్యత ఢిల్లీదే.

తలుపు తెరిచినవారు

సంకల్పం నిజమైతే ఎలా ఉంటుందో చూడటానికి 1987 డిసెంబర్ 8న వాషింగ్టన్‌లో కుదిరిన మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం, ఐఎన్‌ఎఫ్, మంచి నమూనా. 500 నుంచి 5,500 కిలోమీటర్ల దూరం పోయే నేల మీది క్షిపణులన్నీ పూర్తిగా పోవాలి. మూడేళ్లలో పోవాలి. 1991 జూన్ 1 నాటికి మొత్తం 2,692 క్షిపణులను ధ్వంసం చేశారు. వాటిలో 1,846 సోవియట్‌వి, 846 అమెరికావి. ఎదుటివాడి కంటే రెట్టింపు పైగా ఆయుధాలు వదులుకోవడానికి మాస్కో ఒప్పుకోవడం ఒక ఎత్తు. సోవియట్ క్షిపణి కర్మాగారం ఉన్న వోట్కిన్‌స్క్ పట్టణంలో గేటు దగ్గర అమెరికన్ తనిఖీదారులు ఏళ్ల తరబడి కాపలా ఉండి, బయటికొచ్చే ప్రతి పెద్ద వాహనాన్నీ పరిశీలించడానికి ఒప్పుకోవడం మరో ఎత్తు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో సోవియట్ తనిఖీదారులు అదే పని చేశారు. అంతకు ముందు దశాబ్దాల పాటు గూఢచర్యం పేరుతో తనిఖీ అనే మాటనే తోసిపుచ్చిన దేశం అది.

ఆ సంకల్పం నాయకుల మనసుల్లోంచి మాత్రమే ఊడిపడలేదు. 1982 జూన్ 12న న్యూయార్క్‌లో దాదాపు పది లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. ఇంగ్లండ్‌లో గ్రీన్‌హామ్ కామన్ వైమానిక స్థావరం కంచె పక్కన మహిళలు గుడారాలు వేసుకుని ఏళ్ల తరబడి కూర్చున్నారు. పశ్చిమ జర్మనీలో ఎన్నికల రాజకీయాలే ఈ క్షిపణుల చుట్టూ తిరిగాయి. సోవియట్ కజకిస్థాన్‌లో 1989లో కవి ఒల్జాస్ సులేమెనోవ్ పిలుపుతో పుట్టిన నెవాడా-సెమిపలాటిన్‌స్క్ ఉద్యమం, నలభై ఏళ్లలో 456 పరీక్షలు జరిగిన సెమిపలాటిన్‌స్క్ స్థలాన్ని 1991 ఆగస్టు 29న మూయించింది. వదలకపోతే రాజకీయంగా నష్టం అని పాలకుడికి అనిపించిన చోటే వదలడం సాధ్యమైంది. ఇవాళ ఏ అణ్వస్త్ర దేశంలోనూ నిరాయుధీకరణ ఎన్నికల అంశం కాదు. మన దగ్గర 2000లో ఢిల్లీలో అణు నిరాయుధీకరణ, శాంతి కూటమి ఏర్పడింది, నౌకాదళ మాజీ అధిపతి అడ్మిరల్ రాందాస్ లాంటివారు దానికి గొంతునిచ్చారు. కానీ పార్లమెంటులో ఓట్లను కదిలించే స్థాయికి ఆ గొంతు చేరలేదు.

సొంతంగా బాంబులు తయారు చేసుకుని, వాటిని పూర్తిగా విప్పేసిన దేశం ప్రపంచంలో ఒక్కటే: దక్షిణాఫ్రికా. ఆరు బాంబులు పూర్తయ్యాయి, ఏడోది తయారీలో ఉంది. 1989 సెప్టెంబర్‌లో అధ్యక్షుడైన ఎఫ్.డబ్ల్యు. డి క్లర్క్, 1990 ఫిబ్రవరిలో అన్నిటినీ విప్పేయమని ఆదేశించారు. 1991 జూలై 10న ఆ దేశం ఎన్‌పీటీలో చేరింది. 1993 మార్చి 24న డి క్లర్క్ పార్లమెంటులో మొదటిసారి బాంబులున్నాయని, ఇక లేవని ఒకే ప్రసంగంలో చెప్పారు. అంగోలా నుంచి క్యూబా సేనలు వెళ్లిపోవడం, నమీబియా స్వతంత్రం కావడం, సోవియట్ భయం తీరడం దీనికి భూమిక. త్వరలో అధికారంలోకి రాబోయే నల్లజాతి ప్రభుత్వం చేతికి బాంబులు పోకూడదన్న జాత్యహంకారం కూడా అందులో ఉందని చాలామంది విశ్లేషకుల అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చడం కష్టం. ఉద్దేశం ఏదైనా, విప్పిన తీరు నేర్చుకోదగినది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీదారులకు యురేనియం శుద్ధి కర్మాగారపు పాత దినసరి రికార్డులు చూపించారు. ఏ రోజు ఎంత తయారైంది, అది ఎక్కడికి పోయింది అని వాళ్లు లెక్కలు సరిచూసుకున్నారు. ఒక దేశం రహస్య కార్యక్రమాన్ని వెనక్కి తిప్పి, ఏమీ దాచలేదని బయటివాళ్లను నమ్మించవచ్చని తేలింది. నిరాయుధీకరణను సరిచూడటం అసాధ్యం అనే వాదన అప్పటితో బలహీనపడింది.

ఉక్రెయిన్ చెప్పిన పాఠం

ఇక్కడ ఎదురయ్యే ఆక్షేపణ బలమైనది. 1991లో సోవియట్ యూనియన్ కూలినప్పుడు ఉక్రెయిన్ గడ్డ మీద సుమారు 1,900 వ్యూహాత్మక వార్‌హెడ్లు ఉన్నాయి. 1994 డిసెంబర్ 5న బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్‌లు దాని సరిహద్దులను గౌరవిస్తామని హామీ ఇచ్చాయి. 1996 నాటికి చివరి వార్‌హెడ్ రష్యాకు వెళ్లిపోయింది. 2014లో క్రిమియా పోయింది, 2022లో పూర్తి స్థాయి దాడి వచ్చింది. లిబియాలో గడాఫీ 2003లో తన కార్యక్రమాన్ని వదులుకున్నాడు, 2011లో హతమయ్యాడు. ఇరాన్ తన అణు కార్యక్రమాన్ని పరిమితం చేసుకుంటానని 2015లో ఒప్పందం చేసుకుంటే 2018లో అమెరికా అందులోంచి బయటికొచ్చింది, 2025 జూన్‌లో ఆ దేశపు అణు కేంద్రాల మీద బాంబులు పడ్డాయి. ఇవన్నీ చూసిన ఏ దేశాధినేత అయినా ఆయుధం వదిలితే ఏమవుతుందోనని వెనకాడటంలో ఆశ్చర్యం లేదు.

ఉక్రెయిన్ చేతిలో ఆ వార్‌హెడ్లను పేల్చే సంకేతాలు లేవు, అవి మాస్కో దగ్గర ఉండేవి. అయినా పాఠం మిగులుతుంది. బుడాపెస్ట్ పత్రంలోనూ అదే లోపం. మాట తప్పితే ఏం జరగాలో, ఎవరు ఏం చేయాలో అందులో రాయలేదు. భద్రతా మండలికి వెళ్లవచ్చు అన్నారు, అక్కడ మాట తప్పిన దేశానికే వీటో ఉంది. ఆయుధాలు ఉన్నవారి వాగ్దానంలో తేదీ లేకపోవడం ఎంత నష్టం చేసిందో, వదిలినవారికి ఇచ్చిన హామీలో అమలు లేకపోవడం కూడా అంతే నష్టం చేసింది. అణ్వాయుధాల వల్లే భద్రత అనే నిర్ణయానికి ఇది దారితీయాలని లేదు. వదిలినవారికి ఇచ్చే హామీ ఎంత గట్టిగా ఉండాలో ఇది చెబుతుంది.

హేగ్‌లో భారత్

1954 మార్చి 1న మార్షల్ దీవుల్లోని బికినీ దగ్గర అమెరికా 15 మెగాటన్నుల బాంబు పేల్చింది. దాని బూడిద రోంగెలాప్ దీవి మీద, దూరంగా చేపలు పడుతున్న ఒక జపాన్ పడవ మీద కురిసింది. ఆ పడవలోని 23 మందికీ రేడియేషన్ సోకింది, ఒకరు ఆ ఏడాదే చనిపోయారు. నెల రోజుల తర్వాత, ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో అణు పరీక్షలను ఉన్నవి ఉన్నట్టు ఆపేయాలని పిలుపునిచ్చారు. పరీక్షల నిషేధాన్ని ప్రపంచం ముందు పెట్టిన మొదటి దేశాధినేతల్లో ఆయన ఒకరు. 1995లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి పంపిన పత్రంలోనూ అణ్వాయుధాల వాడకం చట్టవిరుద్ధమనే భారత్ వాదించింది. 1996 జూలై 8న ఆ కోర్టు, నిరాయుధీకరణ చర్చలు చిత్తశుద్ధితో జరపడమే కాదు, వాటిని ముగింపుకు తేవడం కూడా దేశాల బాధ్యతేనని ఏకగ్రీవంగా చెప్పింది.

2014 ఏప్రిల్‌లో అవే మార్షల్ దీవులు, ఆ బాధ్యత నెరవేర్చలేదంటూ తొమ్మిది అణ్వస్త్ర దేశాల మీద అదే కోర్టుకు వెళ్లాయి. 1946 నుంచి 1958 వరకు 67 పరీక్షలు భరించిన దీవులు అవి. విచారణ దాకా వచ్చినవి కోర్టు అధికార పరిధిని ముందే ఒప్పుకున్న మూడు దేశాలపై కేసులే: బ్రిటన్, పాకిస్థాన్, భారత్. నెహ్రూ ఎవరి బాధ చూసి గొంతెత్తారో వాళ్లే అరవై ఏళ్ల తర్వాత భారత్‌ను బోనులో నిలబెట్టారు. 2016 అక్టోబర్ 5న కోర్టు కేసును తోసిపుచ్చింది, భారత్ విషయంలో 9–7 తేడాతో. కేసు వేసేనాటికి రెండు దేశాల మధ్య వివాదమే లేదన్నది కారణం. భారత్ తన బాధ్యత నెరవేర్చిందని గానీ, లేదని గానీ కోర్టు అనలేదు. సాంకేతిక కారణంతో బయటపడిన దేశం ఆ ప్రశ్నకు జవాబు చెప్పినట్టు కాదు.

2017 జూలై 7న 122 దేశాలు అణ్వాయుధాల నిషేధ ఒప్పందాన్ని ఆమోదించాయి. 2021 జనవరి 22న అది అమల్లోకి వచ్చింది. అణ్వస్త్ర దేశాలు ఏవీ ఆ చర్చలకు రాలేదు, భారత్ కూడా. ఈ ఒప్పందానికి తనదైన బలహీనతలున్నాయి. ఆయుధాలు ఉన్న దేశం చేరితే వాటి విప్పుదల గడువునూ, తనిఖీ చేసే సంస్థనూ ఒప్పందంలో రాయకుండా సభ్య దేశాలకు వదిలేశారు; గడువు పదేళ్లని 2022లో వాటి తొలి సమావేశం తేల్చింది. అయినా ఆయుధాలున్న దేశం చేరాక గడువు పెట్టుకోక తప్పదని చెప్పే ఒప్పందం ఇప్పుడు ఉన్నది ఇదొక్కటే. తేదీ కావాలని 1988 నుంచి 1996 దాకా అడిగిన దేశం ఆ గదిలో కూర్చుని ఉంటే, ఆ నిబంధనలు ఎంత గట్టిగా రాయాలో చెప్పగలిగేది. ఢిల్లీ ఐక్యరాజ్యసమితిలో ఇప్పటికీ సార్వత్రిక, వివక్ష లేని, సరిచూడగల నిరాయుధీకరణ కావాలనే అంటుంది, కాలపరిమితి మాట కూడా వస్తుంది. 2010 గడిచిపోయాక మాత్రం దాని స్థానంలో మరో సంవత్సరాన్ని ప్రతిపాదించలేదు.

ఇక పెద్ద దేశాల మధ్య మిగిలిన చివరి కట్టడి కూడా తెగిపోయింది. అమెరికా, రష్యాలు మోహరించే వ్యూహాత్మక వార్‌హెడ్లను చెరి 1,550కి పరిమితం చేసిన న్యూ స్టార్ట్ ఒప్పందంలో తన భాగస్వామ్యాన్ని రష్యా 2023లో నిలిపేసింది. ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5తో తీరింది. ఐఎన్‌ఎఫ్ 2019లోనే పోయింది.

ఈ వాతావరణంలో భారత్ ఒక్కటే బాంబులు విప్పేయాలని అడగడం పనికిమాలిన కోరిక. చేయగలిగినవి వేరే ఉన్నాయి, వాటిలో కొన్ని విశాఖపట్నం తీరంలోని జలాంతర్గాములతో ముడిపడినవి. 2003లో ప్రకటించిన భారత అణు సిద్ధాంతానికి మూలం ముందుగా ప్రయోగించబోమనే హామీ. శాంతికాలంలో వార్‌హెడ్లను క్షిపణుల నుంచి విడిగా ఉంచడం చాలాకాలం ఆ హామీకి చేతల్లో రుజువుగా నిలిచింది. 2009లో విశాఖలో జలప్రవేశం చేసిన ఐఎన్‌ఎస్ అరిహంత్, 2024 ఆగస్టు 29న అక్కడే నౌకాదళంలో చేరిన అరిఘాత్ లాంటి జలాంతర్గాములతో ఆ దూరం తగ్గుతుంది. నెలల తరబడి సముద్రం అడుగున తిరిగే జలాంతర్గామిలో క్షిపణిని, వార్‌హెడ్‌ను వేరువేరుగా ఉంచడం కుదరదు. కాబట్టి ముందుగా ప్రయోగించబోమనే మాటకు మరింత బలం కావాలి. దాన్ని రక్షణ మంత్రుల ప్రసంగాల్లో అనుమానానికి వదిలేయకుండా పార్లమెంటు తీర్మానంగా మార్చవచ్చు. చైనాతో ద్వైపాక్షిక ఒప్పందంగా మార్చే ప్రయత్నం చేయవచ్చు. ముందుగా ప్రయోగించబోమని 1964 నుంచీ చెబుతున్న చైనాకు దాన్ని తిరస్కరించడం అంత సులభం కాదు.

పాకిస్థాన్‌తోనూ పునాది ఉంది. 1988 డిసెంబర్ 31న రాజీవ్ గాంధీ, బేనజీర్ భుట్టో ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని ఒప్పందం చేసుకున్నారు. దాని ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ కేంద్రాల జాబితాలు మార్చుకుంటున్నాయి. కార్గిల్ తర్వాతా మార్చుకున్నాయి, పుల్వామా తర్వాతా మార్చుకున్నాయి. ఆ ఒప్పందానికి తేదీ ఉంది, చేయాల్సిన పని స్పష్టంగా ఉంది, అందుకే నిలిచింది. బాలిస్టిక్ క్షిపణి పరీక్షల గురించి ముందే చెప్పుకోవాలనే 2005 ఒప్పందం కూడా ఇలాంటిదే. అందులో క్రూజ్ క్షిపణులు లేవు. 2022 మార్చి 9న భారత్ నుంచి పొరపాటున ఎగిరిన ఒక బ్రహ్మోస్ క్రూజ్ క్షిపణి పాకిస్థాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. అందులో పేలుడు పదార్థం లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. అది ఏమిటో, ఎందుకు వచ్చిందో పాకిస్థాన్‌కు ఆ గంటలో చెప్పాల్సిన బాధ్యత ఏ ఒప్పందంలోనూ భారత్ మీద లేదు. 2005 ఒప్పందాన్ని క్రూజ్ క్షిపణులకు విస్తరించడానికి కావాల్సింది రెండు విదేశాంగ శాఖల మధ్య కొన్ని వారాల చర్చలు, ప్రమాదవశాత్తు జరిగే ప్రయోగాల గురించి వెంటనే తెలియజేయాలనే ఒక నిబంధన, దానికి పని చేసే ఫోన్ లైను.